అనసూయగారి మొదటి పుస్తకం ఎప్పుడు రావాలి

2023 వేసవి. కొండాపూర్‌లో మా ఆఫీసు రెండు గదులది. సొంతంగా పుస్తకాలు వేసుకునే రచయితలకు పేజీలు కూర్చి, అట్ట వేయించి, ఆన్‌లైన్ అమ్మకానికి పెట్టడం మా పని. అందులో నా వంతు రిలీజ్ ప్లాన్. అంటే వరుస నవలల్లో ఏ భాగం ఏ నెలలో రావాలో, మధ్య ఎంత ఎడం ఉండాలో నిర్ణయించడం.

నాకొక నియమం ఉండేది. మూడు భాగాల నవల అయితే మూడోది చిత్తుప్రతిగానైనా పూర్తయ్యేదాకా మొదటిది బయటికి రాకూడదు. ఆ తర్వాత నెలకొకటి చొప్పున వదలాలి. మా వృత్తిలో దీన్ని ర్యాపిడ్ రిలీజ్ అంటారు. మొదటిది చదివినవాళ్ళు కథ మరిచిపోకముందే రెండోది చేతికందుతుంది. పైగా రాస్తుండగా కథ దారి మళ్ళితే మొదటి భాగాన్ని దిద్దుకోవచ్చు. పాఠకుల చేతుల్లోకి వెళ్ళిపోయాక ఆ సౌకర్యం ఉండదు. అంతకుముందు ఒకాయన మొదటి భాగం వేసి, మిగతావి రాయకుండానే మానేశాడు. పాఠకులు ఆయన్ని, ఆయనతోపాటు మమ్మల్నీ చాలాకాలం తిట్టారు. నా నియమం అక్కడ పుట్టింది.

అనసూయగారు హైటెక్ సిటీలో ఒక టవర్‌లో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్. నలభై రెండేళ్ళు. పందొమ్మిదో ఏట మహబూబ్‌నగర్ వైపు నుంచి కూలి పనికి వచ్చి, ఈ చుట్టుపక్కల భవనాలు లేస్తున్నప్పుడు తలమీద కాంక్రీటు మోశారు. నవల అప్పటి ఆడకూలీల ముఠా గురించి. మొదటి భాగం చివర పరంజా కూలి కథానాయిక కాలు విరుగుతుంది. ఆ సాయంత్రమే ఆమె ప్రాణస్నేహితురాలు మాట మాత్రం చెప్పకుండా ఊరికి వెళ్ళిపోతుంది.

"అది నా కథనే మేడం. ఆ దోస్తు అసలు పేరు బాలమ్మ. పేరొక్కటే మార్చిన," అన్నారు అనసూయగారు. ఆవిడ ఎడమ కాలు కాస్త ఈడ్చి నడుస్తారు.

రెండో భాగం సగమే అయింది. మూడోది మొదలే కాలేదు. "ఒక ఏడాది ఆగుదామండీ. మూడూ రాసేయండి," అన్నాను.

"ఆగుతె వినేటోళ్ళు ఉండరు మేడం."

అప్పటి ముఠాలో ఆరుగురు మణికొండ దగ్గర ఒక సైటులో పనిచేస్తున్నారట. నెలాఖరుకు పని అయిపోతుంది. మేస్త్రీ వాళ్ళను పుణేకి తీసుకుపోతాడు. "ఒకసారి చెదిరినంక ఎవలు ఏడుంటరో నాకేం తెలుసు? వాళ్ళకు సదువు రాదు. నేనే కూసోని సదివి ఇనిపియ్యాలె."

"అయితే వాళ్ళ కోసం ప్రూఫ్ కాపీ తీయిస్తానండీ," అన్నాను. తప్పులు చూసుకోవడానికి ముందుగా తీసే ప్రతి అది.

"ఇంకా దిద్దేది ఉన్న పుస్తకం వాళ్ళకెందుకు మేడం? మీ పెద్ద పెద్ద సార్లకు ఎట్లిస్తరో, వాళ్ళకు గూడ గట్లనే ఇయ్యుండ్రి."

నేను ఒప్పుకున్నాను. నా ఆలోచన తప్పని మాత్రం అనుకోలేదు. నష్టం తగ్గించడానికి రెండో భాగాన్ని నాలుగు నెలల తర్వాతి తేదీకి ప్రీఆర్డర్‌లో పెట్టించాను. అంటే పుస్తకం రాకముందే పాఠకులు దాన్ని బుక్ చేసుకోవచ్చు.

నెలాఖరు ఆదివారం పుస్తకాల పెట్టెతో నేనూ మణికొండ వెళ్ళాను. రేకుల షెడ్ల ముందు చాప పరిచారు. అనసూయగారు పొద్దున మొదలుపెట్టి, మధ్యలో అన్నానికి ఆగి, సాయంత్రానికి చివరి అధ్యాయానికి వచ్చారు. ఆడవాళ్ళు మధ్యమధ్య నవ్వారు, ఒకటి రెండు పేర్లు సరిదిద్దారు. స్నేహితురాలు వెళ్ళిపోయే చోటికి రాగానే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అందరిలో పెద్దావిడ చంద్రమ్మ. ఆమె నెమ్మదిగా అంది: "బాలమ్మ పోలేదు బిడ్డా. తోలిండ్రు."

"ఎవలు?" అన్నారు అనసూయగారు.

"కంట్రాక్టరు మనుషులు. పరంజ ఎంత అధ్వానంగ కట్టిండ్రో అందరికి చెప్త అన్నది. నీ ఎంబడి దవాఖానకు వస్త అని మొండికేసింది. సామాను లారీల ఏసి, ఆమెను గూడ ఎక్కించి ఊరికి పంపిండ్రు. మమ్ముల నోరు తెరవొద్దన్నరు."

"ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే అక్కా?"

"ఆమె పేరెత్తితెనే నువ్వు లేసి పోతుంటివి. ఎట్ల చెప్పాలె?"

అనసూయగారు పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నారు. మర్నాడు ఫోన్ చేశారు. "రెండోది ఆపుండ్రి మేడం. రాసిందంత తప్పు."

ప్రీఆర్డర్ రద్దు చేయడం మా పనిలో చెడ్డపేరు. బుక్ చేసుకున్న ప్రతివాళ్ళకూ పుస్తకం రావడం లేదని సందేశం వెళుతుంది. అయినా రద్దు చేశాను. మొదటి భాగం ముగింపును ఇకమీదట అమ్మే ప్రతుల్లోనైనా మార్చవచ్చని కూడా చెప్పాను.

"వద్దు. అప్పుడు ఆ కాలు ఇరిగిన పిల్లకు తెలిసింది గంతే. గట్లనే ఉండనీయుండ్రి," అన్నారు.

రెండో భాగం రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఈలోగా కొందరు పాఠకులు రచయిత్రి రాయడం మానేసిందనుకున్నారు. మొదటిది కొన్నవాళ్ళలో చాలామంది రెండోదాని వైపు చూడనే లేదు. లెక్కప్రకారం నా భయం నిజమైంది. కానీ ఆ రెండో భాగం లారీలో వెనక్కి చూస్తూ కూర్చున్న బాలమ్మతో మొదలవుతుంది. నేను చెప్పినట్టు ఆగి ఉంటే మూడు పుస్తకాలూ అనుకున్న నెలల్లో వచ్చేవి. మూడింటిలోనూ బాలమ్మ ద్రోహిగానే మిగిలిపోయేది.

నా నియమాన్ని నేను వదులుకోలేదు. ఎక్కువమందికి అదే మంచిది. కానీ ఇప్పుడు ఎవరైనా వరుస నవలతో వస్తే క్యాలెండర్ తెరవకముందే ఒకటి అడుగుతాను: ఈ కథ మొదట ఎవరు వినాలి, వాళ్ళు ఎప్పటిదాకా అందుబాటులో ఉంటారు? కొందరికి జవాబు ఉండదు. ఉన్నవాళ్ళకు తేదీ దానంతట అదే తేలిపోతుంది.

పోయిన నెలలో అనసూయగారు ఆఫీసుకు వచ్చారు. రెండు భాగాలూ పట్టుకుని నారాయణపేట దగ్గర బాలమ్మ ఊరు వెళ్ళొచ్చారట. మొదటిది చదవడానికి పొద్దంతా పట్టిందని చెప్పారు.

"మీరు రాసినదానికి ఆవిడేమన్నారండీ?" అని అడిగాను.

"ఏమనలే. అంత అయినంక రెండోది చేతుల పట్టుకున్న. ఆమె నా చెయ్యి మీద చెయ్యి పెట్టి ఆపింది. 'ఇయ్యాలకు గిది సాలు అనసూయా. అది రేపు సదువు' అన్నది."

"మరి ఉన్నారా?"

"లీవు లేకుండె మేడం," అన్నారు. "ఉన్న."