మహానందికని చెప్పి

నంద్యాల నాకు కొత్త. మా ఆయనకు పాతే అనుకున్నాను. పెళ్లయిన ఏడో నెలలో, ఆ ఊరిని కాలినడకన చూద్దామని ఇద్దరం బయల్దేరాం. బస్టాండు దాటి కాస్త దూరం పోయాక "ఇప్పుడెటు?" అని అడిగితే, ఆయన రోడ్డుకు అటూ ఇటూ చూసి, "నువ్వే చెప్పు" అన్నాడు. పన్నెండేళ్లుగా వారానికి రెండుసార్లు ఆ ఊరు వస్తున్న మనిషి. బస్టాండు నుంచి ధాన్యం అంగళ్ల దాకా, అక్కడి నుంచి మళ్లీ బస్టాండు దాకా, అంతవరకే ఆయనకు నంద్యాల.

ఇది తొంభైల చివరి మాట. ఆళ్లగడ్డలో మాది ముందు అంగడి, వెనక ఇల్లు. పప్పుశనగ కొని నంద్యాలకు పంపే వ్యాపారం. నేను అనంతపురంలో డిగ్రీ చదివి ఆ ఇంటికి వచ్చాను. ఆ చదువులో ఆ ఇంటికి పనికొచ్చిన భాగం ఏదో ఇప్పటికీ తేల్చుకోలేదు. కొత్తగా పెళ్లయిన ఇద్దరు కలిసి గడప దాటడానికి మా మామ ఒప్పుకునే కారణం ఒక్కటే, దేవుడు. ఊరు చూడ్డమన్నది ఆయన లెక్కలో కారణమే కాదు. అందుకని నంద్యాల పక్కనున్న మహానందిలో మొక్కుందని చెప్పాం. ఎప్పుడు మొక్కుకున్నారని ఆయన అడిగితే, మేమిద్దరం ఒకేసారి రెండు వేర్వేరు నెలలు చెప్పాం. అత్త చిత్రాన్నం కట్టి, స్వామికి కొట్టమని ఒక టెంకాయ సంచిలో పెట్టింది.

దొరికిపోతే ఇంకో రోజంటూ ఉండదని మాకు తెలుసు. ఆ తర్వాత ఎక్కడికి పోవాలన్నా ఎవరో ఒకరు తోడు. నేనడిగింది పెద్ద వరమేమీ కాదు. నెలకొక రోజు, మూడో మనిషి లేకుండా.

దారి తెలియకపోవడం వల్ల చాలానే తిరిగాం. ఆయన అలవాటు కొద్దీ నాలుగడుగులు ముందు పోతుంటే, ప్రతి మాటా నేను వెనక నుంచి కేకేసి చెప్పాల్సొచ్చింది. గాంధీ చౌకులో ఆగి, మీతో వచ్చానా, మీ వెనక వచ్చానా అని అడిగాను. అక్కణ్ణుంచి పక్కన నడిచాడు. గాజుల అంగళ్లు చూశాం, నేను కొత్త గాజులు వేయించుకున్నాను. రైలు గేటు పడితే ఎంతో పని ఉన్నవాళ్లలాగా నిలబడి, పోయే పెట్టెలన్నీ చూశాం. కుందూ వంతెన దగ్గర కూర్చొని చిత్రాన్నం తిన్నాం. టెంకాయ ఊరికే వెనక్కి తీసుకుపోతే బాగుండదని ఆయన దాన్ని ఒక రాయికేసి కొట్టాడు. అయిదు చెక్కలైంది.

"దేవుడు మనకు రోంత ఎక్కువే ఇచ్చినాడు" అన్నాడు.

ఆయనకు నవ్వించడం వచ్చని ఏడు నెలల తర్వాత, ఏటి ఒడ్డున తెలిసింది. ఆ రోజు ఆయన గురించి తెలిసినవాటిలో బాగున్నది అదొక్కటే.

తిరిగొస్తూ ఏదో సందులో దూరాం. అది ఒక బజారులోకి తేలింది. ఒక అంగడి గుమ్మం పక్కన మూతి విప్పిన గోనె మూట ఉంది. ఆయన నాతో మాట్లాడుతూనే, దానివైపు చూడను కూడా చూడకుండా, మోచేతి దాకా చెయ్యి దింపి, అడుగు నుంచి పిడికెడు శనగలు తీసి, రెండు గింజలు కొరికాడు.

"ఇంగా పచ్చి ఉండాయప్పా. రెండెండలు పడాల" అన్నాడు, అంగట్లో ఉన్నదెవరో చూడకుండానే.

లోపల తల వంచుకొని ఏదో రాసుకుంటున్న పెద్దాయన తలెత్తాడు. వెనక సందులోంచి వచ్చాం కాబట్టి మా ఆయన గుర్తుపట్టలేదు గానీ, అది ఆయన వారానికి రెండుసార్లు వచ్చే బజారు, మా శనగలు కొనే అంగడి. రోజూ మధ్యాహ్నం మూడింటికి మా ఇంటికి ఫోను చేసి ధరలు చెప్పేది ఆ పెద్దాయనే. ఆ పిడికెడు శనగలు ముట్టుకోకపోతే ఆయన తలెత్తేవాడే కాదు.

"మహానందికి పోయినావని మీ నాయన పొద్దున్నే ఫోన్లో చెప్పినాడే. ఈడుండావేందప్పా?"

"పోతాండాం" అన్నాడు మా ఆయన, పిడికిలి విప్పకుండానే.

పెద్దాయన గడియారం చూశాడు. రెండున్నర. నన్ను చూశాడు, నా చేతికున్న కొత్త గాజులు చూశాడు. "దేవుడు ఈ దిక్కు లేడు నాయనా" అన్నాడు నెమ్మదిగా. "సరేలే. ఫోన్ చేసేటప్పుడు ఇంట్లో చెప్తాలే, మీరు అగుపడినారని."

ఎస్‌టీడీ బూత్‌కు దాదాపు పరుగెత్తాం. ఏం చెప్పాలో ఇద్దరికీ తెలియదు, ముందు మన ఫోను పోతే చాలనుకున్నాం. మా ముందు ఒకావిడ కూతురితో కాన్పు సంగతులు మాట్లాడుతోంది. ఆమె ముగించేసరికి మూడు దాటింది. ఇంటికి చేస్తే ఎంగేజ్. మళ్లీ చేస్తే మళ్లీ ఎంగేజ్. ఆయన రిసీవరు పెట్టేసి, అప్పటిదాకా పిడికిట్లోనే ఉన్న శనగలు నా చేతిలో పోశాడు. బస్సులో ఆళ్లగడ్డ దాకా పక్కపక్కనే కూర్చున్నాం, అదే ఆఖరుసారి అన్నట్టు.

ఇంటికి చేరేసరికి మామ అంగట్లో ఎవరికో నంద్యాల ధరలు గడగడా ఒప్పజెబుతున్నాడు. అంటే ఫోను వచ్చింది. మమ్మల్ని చూసి దర్శనం బాగా అయిందా అని అడిగాడు. మా ఆయన చెప్పులు విడవడానికి వంగాడు.

"అయ్యిందంట" అంది అత్త, లోపలి వాకిట్లోంచి. "ఫోన్లో చెప్పినారు. జనం శానా ఉండారంట."

మామ తలాడించి మళ్లీ ధరల్లో పడ్డాడు. మామ ముందర ఆమె అంత పొడుగు మాట అనగా ఏడు నెలల్లో నేను వినలేదు.

వంటింట్లోకి పోయాక తెలిసింది. మూడింటికి మామకు మంచి నిద్ర. నేను పెరట్లో అంట్లు తోముతూ ఉంటాను, మా ఆయన గిడ్డంగిలో ఉంటాడు. "ఆ ఫోను ఇరవై ఏండ్లుగా నేనే ఎత్తుతాండా" అంది అత్త. ధరలన్నీ నోటికి పట్టుకొని, ఆయన లేచాక చెబుతుంది. ఆ రోజు ధరలు చెప్పి, మేం అగుపడిన సంగతి తన దగ్గరే ఉంచుకుంది. ఆళ్లగడ్డలో అందరూ మామ నోట వినే నంద్యాల బజారంతా ఆమె నోటి నుంచి వచ్చిందే.

ఆమె సంచిలోంచి టెంకాయ చెక్కలు తీసి, ఒక్కొక్కటే పళ్లెంలో పేర్చింది. అయిదూ పేర్చి కాసేపు చూసింది.

"పూజారి కొడితే ఇట్ల పగలదు" అంది. "మహానంది మరీ దగ్గిర. వచ్చే నెల యాగంటి అని చెప్పండి. పొద్దుగూకినంక వచ్చినా ఎవురూ అడగరు."

చదువుకున్నదాన్ని కాబట్టి చాలా చెప్పాలనుకున్నాను. నోట్లోంచి ఒక్కటే మాట వచ్చింది. "మరి టెంకాయ, అత్తా?"

"పొయ్యేటప్పుడే రెండు చెక్కలు చేసి ఇస్తా" అంది.