చున్నీల తలుపు

2012లో నేను అశోక్‌నగర్‌లో ఒక పాత ఇంటి వెనక గదిలో మరో ఇద్దరు అమ్మాయిలతో ఉండేదాన్ని. ముగ్గురమూ గ్రూప్స్‌కు చదివేవాళ్ళం. ముందు భాగంలో ఇంటివాళ్ళుండేవారు.

ఆ వేసవిలో గదికి వేద్దామని బకెట్లో సున్నం కలుపుతుంటే ఎగిరి నా రెండు కళ్ళలోనూ పడింది. నారాయణగూడలో డాక్టరు కళ్ళు కడిగి, మందు వేసి, దూది పెట్టి కట్టు కట్టాడు. మూడు రోజులు విప్పొద్దన్నాడు.

మధ్యాహ్నాలు మిగతా ఇద్దరూ చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్ళేవారు. కళ్ళు కనబడకుండా ఒక్కదాన్నే ఉంటాను కనక, బయట తాళం వేసుకుపొమ్మని నేనే చెప్పాను.

మొదటి రోజు కరెంటు పోయి ఫ్యాను ఆగింది. కాసేపటికి ఎదుటి మంచం కిర్రుమంది.

"గింత జల్ది వచ్చిండ్రా?" అన్నాను.

నొప్పులకు రాసుకునే మందు వాసన వచ్చింది. ఎవరో ఊపిరి తీస్తున్నారు. మంచినీళ్ళ కోసం చెయ్యి చాచి తడుముతుంటే గ్లాసే జరిగొచ్చి నా వేళ్ళకు తగిలింది. తాగలేదు. పట్టుకుని కూర్చున్నాను. ఇంతలో కరెంటొచ్చి ఫ్యాను మోత మొదలైంది. ఇక ఆ మనిషి వెళ్ళిందో, అక్కడే ఉందో తెలియలేదు.

సాయంత్రం వాళ్ళిద్దరికీ చెబితే నవ్వారు. "తాళంచెవి మా దగ్గర్నే ఉంది గదనే. కలగన్నవేమో," అంది ఒకామె.

రెండో రోజు వాసన దగ్గరగా వచ్చింది. కట్టుకు పైన, నుదుటి మీద వెచ్చగా ఊపిరి తగిలింది. ముట్టుకోలేదు. అంతవరకు చూపు లేకపోవడమంటే చీకటేననుకున్నాను. ఎవరో తీరిగ్గా చూస్తుంటే మొహం ఎటు తిప్పుకోవాలో తెలియక బిగుసుకుపోయి కూర్చోవడమని ఆ రోజు తెలిసింది.

మూడో రోజు మంచం కిర్రుమనగానే కట్టు ముడి మీద చెయ్యి వేశాను.

"ఎవరో చెప్పకుంటే ఇప్పేస్త."

"విప్పకమ్మా, కళ్ళు పాడవుతాయి," అంది ఒక పెద్దావిడ గొంతు. "నేను ఎవరి ఎదుటికీ రాను. నీకు కనబడదు కదా అని వచ్చాను."

"తాళం ఉంది కద. ఎట్ల వచ్చిండ్రు?"

"మీరు చున్నీలు తగిలిస్తారే, ఆ తలుపు. గడియ మా వైపుంది." ఆమె మంచం మీద సర్దుకున్న చప్పుడైంది. "నువ్వు గట్టిగా చదువుతావు. నువ్వొచ్చినప్పట్నించీ వింటున్నాను. కాకతీయుల పాఠంలో రెండు పేర్లు ముందువెనకలు చేస్తున్నావు, చూసుకో. మొన్న శనివారం ఏడ్చావు. ఎందుకమ్మా?"

ఆవిడ నా జవాబు కోసం చాలాసేపు ఎదురుచూసింది. తర్వాత మంచం కదిలింది, చున్నీలు గరగరమన్నాయి, అటువైపు గడియ పడింది.

మర్నాడు కట్టు విప్పారు. చూపు బాగానే ఉంది. గదికి రాగానే పుస్తకం తీశాను. రెండు పేర్లు నిజంగానే తారుమారుగా బట్టీపట్టాను.

వాకిట్లో బియ్యం ఏరుతున్న ఇంటావిడ దగ్గరికి వెళ్ళి అడిగాను. "ఆంటీ, మా గది పక్కన ఎవరుంటరు?"

ఆమె చెయ్యి ఆగింది.

"ఎవరుంటారమ్మా? అది సామాన్ల గది," అంది. చాటలోంచి తలెత్తలేదు.

ఈసారి చెబితే వాళ్ళిద్దరూ నవ్వలేదు. "నాకు మస్తు భయమైతుందే, బీరువా జరుపుదాం పట్టు," అంది ఇద్దరిలో చిన్నామె. చున్నీలు తీసేసి, ముగ్గురం కలిసి బీరువాను ఆ తలుపుకు అడ్డంగా నెట్టాం. నేనూ భుజం పెట్టాను. తలుపు సందులోంచి నొప్పుల మందు వాసన వస్తూనే ఉంది. వాళ్ళిద్దరితో అనలేదు.

ఆ గదిలో ఇంకో నాలుగు నెలలున్నాను. ఒక్కరోజు కూడా గట్టిగా చదవలేదు.