కుళాయి మేస్త్రీకి పట్టిన అనుమానం

ఆ వీధిలో కుళాయి లేని ఇల్లు లేదు. మేస్త్రీ చెయ్యి పడని కుళాయీ లేదు. ఆడవాళ్ళ నెత్తిమీది బిందెలు దింపినవాణ్ణి నేనేనని అతను నలుగురిలో చెప్పుకునేవాడు. అందులో అబద్ధమూ లేదు. అలాంటివాడికి ముసలితనం గుమ్మంలోకి వచ్చే వేళ సొంత భార్య మీద అనుమానం పుట్టింది.

ఒక మధ్యాహ్నం పైపు రెంచి మరిచిపోయి ఇంటికొచ్చాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల మంచం మీద తల్లి ఒక్కతే కూర్చుని ఉంది.

“అదేదమ్మా?”

“ఎవరు?”

“నీ కోడలు.”

“ఇక్కడే ఎక్కడో ఉంటుందిలేరా.”

ఉన్నవే మూడు గదులు. అందులో ‘ఇక్కడే ఎక్కడో’ అనడానికి చోటెక్కడిది? రెంచి తీసుకుని వెళ్ళిపోయాడు గానీ మనసంతా ఆ మాట దగ్గరే ఆగిపోయింది.

సాయంత్రం భార్యను అడిగాడు. “మధ్యాహ్నం ఎక్కడికెళ్ళావు?”

“కొట్టుకి.”

“ఏం తెచ్చావు?”

“ఏమీ దొరకలేదు.”

పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడ కొట్టుకెళ్ళి ఉత్త చేతుల్తో తిరిగి రావడం అతను చూడలేదు. ఏమీ లేకపోతే అగ్గిపెట్టె అయినా తెచ్చేది. తెల్లారకముందే లేచి, అందరూ పడుకున్నాక పడుకునే మనిషి. తలుపు చెక్కల అంచుల్లో దుమ్మును కూడా పాత గుడ్డతో తీసే మనిషి. ఇంట్లో ఎక్కడ చెంచా కిందపడినా ఏ గదిలో ఉన్నా వినిపించేది ఆవిడకు. ముప్పై ఏళ్ళుగా ఆ ఇల్లు ఆవిడ రెక్కల మీద నడుస్తోందని మేస్త్రీకి తెలుసు. తెలిసినంత మాత్రాన రోజూ తలుచుకోనక్కర్లేదు కదా అని తలుచుకోలేదు, అంతే.

ఇప్పుడు మాత్రం వద్దన్నా అన్నీ కంటపడసాగాయి. సాయంత్రాలు ఆవిడ వీపు మీద దుమ్ము అంటుకుని ఉండేది. ఒకనాడు జుట్టులో పల్లీ పొట్టు కనిపించింది. మరోనాడు గిన్నెలు తోముతూ ఏదో పాట కూనిరాగం తీసింది. వీటన్నిటికంటే పెద్ద ముల్లు ఇంకొకటి గుచ్చుకుంది. అతను బురద కాళ్ళతో లోపలికొస్తే ఆవిడ తిట్టలేదు. “కాళ్ళు కడుక్కోండి” అంది, మెత్తగా. తిట్టని పెళ్ళాన్ని ఏ మొగుడు నమ్ముతాడు?

ఆ నిప్పుకు మంగలి వచ్చి గాలి విసిరాడు. గడ్డం గీస్తూ, “ఏం మేస్త్రీ, మీ ఆవిడ ఫొటోలేమైనా దిగుతోందా? స్టూడియో పక్క మెట్ల దగ్గర రెండుమూడు సార్లు కనబడింది” అన్నాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదని ఊరందరికీ తెలుసు. అయినా మేస్త్రీ మెడ మీద కత్తి కంటే ఆ మాటే చల్లగా తగిలింది. స్టూడియో యజమాని ఉంగరాల జుట్టువాడు. మాట తేనె. మనిషి ఎదురొస్తే వాసన నూనె ఘుమఘుమ మనిషికంటే ముందొచ్చేది.

ఇంటికొచ్చి తల్లిని నిలదీశాడు. “నీకంతా తెలుసు. చెప్పు.”

ముసలావిడ తాపీగా కాళ్ళు చాపుకుంది. “నీ చిన్నప్పుడు నేను నూతికెళ్తే ఎంతసేపటికి వచ్చేదాన్నిరా?”

“ఏమో. చాలాసేపటికి.”

“మీ నాన్నా ఇలాగే అడిగేవాడు, రెండు బిందెలకి ఇంతసేపా అని. చేదతాడు తెగిందని చెప్పేదాన్ని. వారానికోసారి తెగేది ఆ తాడు.” తనలో తనే నవ్వుకుంది. “నువ్వు పని నేర్చుకున్నాక మొదటి కుళాయి మనింట్లోనే బిగించావు. నెల రోజులు నేను నీతో సరిగ్గా మాట్లాడలేదు, గుర్తుందా?”

“చాదస్తం అనుకున్నాను.”

“తిరగలి ముందు ఇద్దరం కూర్చుని విసురుకునేవాళ్ళం. మిషన్లో పిండి ఆడించడం వచ్చింది, ఆ రెండో మనిషి రావడం మానేసింది. ఏటి దగ్గర బట్టలుతికేవాళ్ళం. దానికీ మిషనొచ్చింది. వద్దనట్లేదురా, నడుములు విరిగిపోయేవి. కానీ అన్నీ ఒక్కొక్కటిగా ఇంట్లోకొచ్చాయి. మేం మాత్రం గడప దాటడం తగ్గిపోయింది.”

“నేనడిగిందేమిటి, నువ్వు చెప్పేదేమిటి?”

“నువ్వడిగిందే చెప్పాను. వినబడకపోతే నేనేం చెయ్యను?”

అతనికి అనుమానం ఇంకా ముదిరింది. ఒకప్పుడు ఉప్పు దగ్గరా నిప్పు దగ్గరా తగువులాడుకున్న అత్తాకోడళ్ళు ఇప్పుడు ఒకే మాట మీద ఉన్నారు. ఇంతకంటే రుజువేం కావాలి?

మర్నాడు పని ఉందని బయల్దేరి, మధ్యాహ్నానికి వీధి చివర ఇస్త్రీ బండి చాటున నిలబడ్డాడు. కాసేపటికి భార్య వచ్చింది. చేతిలో సంచీ లేదు. రెండు చేతులూ ఊపుకుంటూ నడుస్తోంది. ఆ నడక చూసి ఒక క్షణం ఎవరో అనుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆ చేతులు ఖాళీగా ఉండగా చూసిందెప్పుడని! స్టూడియో పక్క మెట్లెక్కి ఆవిడ పైకి వెళ్ళిపోయింది.

అరగంట సేపు తటపటాయించి తనూ మెట్ల దగ్గరికి నడిచాడు. రెంచి చేతిలోనే ఉంది. ఎందుకుందో తనకే తెలియదు. ఇంతలో కింద కొట్టులోంచి ఉంగరాల జుట్టు బయటికొచ్చింది.

“మేస్త్రీగారా! పైన కుళాయి కారుతోందని మా ఆవిడ కబురు పెట్టిందా?”

“ఆ... ఆ, కుళాయే.”

ఆ మనిషి కింద ఉంటే పైన ఎవరున్నట్టు? సగం ఊపిరి తిరిగొచ్చింది గానీ సగం ఇంకా బిగబట్టే ఉంది. పైకెక్కి ఓరగా ఉన్న తలుపును వేలితో తోశాడు.

ఎప్పుడో పాడుపెట్టిన పెద్ద గది. గోడకు వాడేసిన ఫొటో తెరలు ఆనించి ఉన్నాయి. మూలల్లో బూజు వేలాడుతోంది. నేలమీద దుమ్ము, ఆ దుమ్ములో పల్లీ పొట్టు. స్టూడియో యజమాని భార్య కిటికీలో కూర్చుని బయటికి చూస్తోంది. దర్జీ భార్య వెల్లకిలా పడుకుని కాళ్ళు రెండూ గోడకు నిలబెట్టింది. నీళ్ళ ఆఫీసులో గుమాస్తాగా చేసే ఆవిడ, మధ్యాహ్నం విరామంలో వచ్చినట్టుంది, పల్లీలు ఒలిచి పొట్టు అక్కడే పారేస్తోంది. నాలుగో మనిషి చాప మీద నోరు తెరుచుకుని గాఢంగా నిద్రపోతోంది.

తన భార్య నిద్రపోతుండగా మేస్త్రీ చూడటం అదే మొదలు. అతను పడుకునేప్పటికి ఆవిడ మేలుకునే ఉండేది, లేచేప్పటికి లేచిపోయి ఉండేది. గుమ్మంలో అలాగే నిలబడిపోయాడు.

“ఎవరదీ?” అని గుమాస్తా కేకేసింది.

భార్య ఉలిక్కిపడి లేచింది. “ఏమైందండీ? అత్తయ్యకేమైనా అయిందా?”

“లేదు.”

“అన్నం మూత పెట్టే ఉంచానే.”

“తింటాలే.”

“మరెందుకొచ్చారు?”

“ఇక్కడేం చేస్తారు మీరంతా?” అన్నాడు.

“ఏమీ చెయ్యం.”

“ఏమీ చెయ్యకుండా ఉండటానికి ఇంతదూరం రావాలా?”

“ఇంట్లో కూర్చుంటే ఏదో ఒకటి కంటబడుతుంది. కంటబడ్డాక చెయ్యి ఊరుకోదు.”

“ఇక్కడ చీపురు పట్టినవాళ్ళని మళ్ళీ మెట్లెక్కనివ్వం” అంది కిటికీలో ఆవిడ.

గుమాస్తా నవ్వింది. “మా అమ్మ ఒక్క ఇంటి చాకిరీ చేసింది మేస్త్రీగారూ. నేను ఆఫీసుదీ చేస్తాను, ఇంటిదీ చేస్తాను. మా అమ్మకంటే ముందుకెళ్ళానని అందరూ మెచ్చుకుంటారు.”

మేస్త్రీ భార్యవైపు తిరిగాడు. “నాకు ముందే చెప్పొచ్చుగా?”

“చెప్తే మీరు మంచివారు. సాయంత్రానికల్లా మనింట్లోనే ఒక ఫ్యాను బిగించి, ఇక్కడే పడుకోవే అనేవారు.”

నిజంగా అలాగే చేసి ఉండేవాడు. కుళాయి ఎక్కడ కారుతోందో అడిగి, వాషరు మార్చి, ఎవరి మొహమూ చూడకుండా దిగొచ్చాడు.

అంతటితో అనుమానం పోయిందా అంటే, పోలేదు. మొగ్గ తుంచితే పక్కనుంచి కొమ్మ వేసింది. నలుగురాడవాళ్ళు కూర్చుంటే మాట్లాడుకోకుండా ఉంటారా? ఏం మాట్లాడుకుంటారు? రెండు రోజులు కడుపులో దాచుకుని మూడోనాడు అడిగేశాడు.

“నా గురించేమైనా అనుకుంటారా అక్కడ?”

“మీ గురించి అనుకోవడానికేముందండీ?” అంది ఆవిడ. ఆ జవాబు అతన్ని మరీ కుంగదీసింది.

మధ్యాహ్నాలు అన్నం తనే వడ్డించుకోవడం, తిన్న కంచం తనే కడగడం మొదలెట్టాడు. మొదట్లో బింకానికి చేశాడు, తర్వాత అలవాటైంది. ఒకరోజు తల్లి పిలిచింది.

“ఒరేయ్, నన్నూ అక్కడికి తీసుకెళ్ళరా.”

“ఆ మెట్లు నువ్వెక్కలేవమ్మా.”

“నేనెక్కుతానన్నానా?”

వీపు మీద ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. మనిషి ఇంత తేలికైపోయిందా అనుకున్నాడు మెట్లెక్కుతూ. చాప మీద కూర్చోబెట్టి, గోడకు ఆనించి, తనూ పక్కన చతికిలబడబోయాడు. భార్య లేచి తలుపు దగ్గరికి నడిచింది.

“మీరు వెళ్ళండి. అయ్యాక పిలుస్తాం.”

తలుపు మూసుకుంది. మేస్త్రీ పై మెట్టు మీద కూర్చున్నాడు. లోపలినుంచి తల్లి గొంతు “మావాడున్నాడే...” అని మొదలెట్టి బాగా తగ్గిపోయింది. ఎంత ఒంగినా మిగతాది వినబడలేదు. ఉన్నట్టుండి అయిదుగురూ పగలబడి నవ్వారు. అందులో తన భార్య నవ్వు ఏదో అతను పోల్చుకోలేకపోయాడు.