ఊరికే కేక పెట్టిన పూత

రైలు వంతెన మలుపులో ఊగిందో లేదో, ఎదుటి సీటావిడ ఒళ్ళోని డబ్బా ఎగిరి నా మీద పడింది. నేను డబ్బాను పట్టుకున్నాను, ఆవిడ నన్ను పట్టుకుంది.

"గట్టిగా పట్టుకోండి బాబాయ్, మా అన్నయ్య ప్రాణం అందులో ఉంది!"

అంత మాట విన్నాక ఊరుకోగలమా? ఎన్నో దారులు తిరిగాను, ఎన్నో పుస్తకాలు తిరగేశాను గానీ, అన్నయ్యను డబ్బాలో పెట్టుకుని ప్రయాణం చేసే మనిషిని ఎక్కడా చూడలేదు. బతిమాలి మూత తీయించాను. లోపల బుల్లి అలారం పక్కన వేలిగోరంత గాజుముక్క. దాని మీద, నీళ్ళలో నూనెచుక్క పడినట్టు, ఊదా పచ్చ రంగులు.

ఆవిడది పూతలు వేసే ఉద్యోగం. ప్రయోగశాలలో అందరూ పూతక్క అంటారట. కాలే గాజు మీద తగరపు ద్రావణాన్ని తుంపరగా చల్లి, రంగు మారే తీరు చూసి మందం చెప్పేస్తుంది. ఆ పూత పక్కన పెడితే వెంట్రుక కూడా దూలమే.

"ఇది వేడిగా ఉన్నప్పుడు ఆక్సిజన్ తగిలిందనుకోండి, పూతలో తిరిగే ఎలక్ట్రాన్లను పట్టేసుకుంటుంది. కరెంటు నత్తలా నడుస్తుంది. ఆక్సిజన్ తగ్గిందా, అవన్నీ విడుదల! కరెంటు పరుగో పరుగు. అప్పుడు అలారం కూస్తుంది."

"మరి అన్నయ్యేడమ్మా ఇందులో?"

అన్నయ్య పండ్ల గిడ్డంగిలో పనివాడు. పండ్లు త్వరగా మగ్గకుండా అక్కడ గదుల్లో ఆక్సిజన్ తగ్గించి తలుపులు బిగిస్తారు. మొన్నామధ్య తలుపు తీశాక మంచి గాలి నిండిందనుకుని అడుగుపెట్టి గడపలోనే కుప్పకూలాడు. కాళ్ళు బయట ఉండబట్టి లాగగలిగారు. ఈ అలారం పనిచేస్తే ప్రతి తలుపుకూ పెట్టిస్తానని మేనేజరు మాటిచ్చాడు. పనిచేయకపోతే రేపు ఆ గదిలోకి ముందు వెళ్ళేది మళ్ళీ అన్నయ్యే.

నా స్టేషను ఎప్పుడో దాటిపోయింది. ఆవిడతోపాటే దిగాను.

గిడ్డంగి వరండాలో డబ్బాకు కరెంటు పెట్టింది. పూత వేడెక్కగానే అలారం కూత లంకించుకుంది. మేనేజరు చెవులు మూసుకున్నాడు.

"ఏమ్మా, మనమంతా పోయినట్టేనా?"

"పోతే నాకు తెలిసేది కదండీ," అన్నాడు అన్నయ్య, తన నాడి తనే పట్టి చూసుకుంటూ. "ఒసేయ్, చిన్నప్పుడు నువ్వూ ఇంతే. ఎందుకేడుస్తున్నావో ఎవరికీ అంతుబట్టేది కాదు."

"నోర్ముయ్ అన్నయ్యా!"

డబ్బా తెరిచి ముక్కు దగ్గర పెట్టుకుంది. టపీమని నెత్తి కొట్టుకుంది.

"స్పిరిట్! తళతళలాడాలని పొద్దున్నే లోపలంతా స్పిరిట్‌తో తుడిచా. అడుగునున్న స్పాంజి తాగేసింది. ఆ ఆవిరి పూత మీది ఆక్సిజన్‌ను ఊడ్చేస్తుంది. దీనికేం తెలుసు పాపం, గాలే చెడిందనుకుంది!"

"సింగారించి చెడగొట్టావన్నమాట!"

స్పాంజి పీకి పారేశారు. అన్నయ్య అట్టపెట్టె మూతతో, మేనేజరు టోపీతో విసరడం మొదలెట్టారు. పసిపిల్లను బుజ్జగించినట్టు నేనూ తుండుగుడ్డ ఊపాను. అలారం గొంతు పూడుకుపోయి ఊరుకుంది.

అప్పుడు తలుపులోని చిన్న కిటికీ తీసి, డబ్బాను తీగతో మూసిన గదిలోకి దించి, కిటికీ బిగించింది. చప్పుడు లేదు. అన్నయ్య కిటికీకి చెవి ఆనించాడు.

"పూత తేరుకోవాలి, ఉండండి," అంది.

కేక! బయటికి తీసి కాసేపు గాలిలో ఉంచితే ఊరుకుంది. మళ్ళీ దించితే మళ్ళీ కేక. అన్నయ్య గంతేసి మేనేజరును వాటేసుకున్నాడు.

"అన్ని తలుపులకూ పెట్టెయ్యమ్మా!" కౌగిట్లోంచే అరిచాడు మేనేజరు.

"స్టూలేదీ? డ్రిల్లు మిషనేదీ? అన్నయ్యా, ఆ ఊగుడాపి స్టూలు పట్టు!"

వస్తానమ్మా అందామని నోరు తెరిచాను. ఆవిడ అప్పటికే డ్రిల్లు చంకన పెట్టుకుని, మొదటి తలుపు ఎత్తును కళ్ళతోనే కొలుస్తూ వరండా మలుపు తిరిగిపోయింది.