మార్తమ్మ మొహం

లాజరు కుర్రతనంలో రైసుమిల్లులో పనిచేశాడు. ఆ చక్రాలూ, బెల్టులూ, గొట్టాలూ అతని కళ్ళలోంచి మరి పోలేదు. డ్రాయింగు మాస్టరై మా కొత్తపేట బళ్ళో చేరాక, డెబ్బై రెండులో కాబోలు, ఎవరో ఇచ్చిన పుస్తకంలో ఓ విదేశీ చిత్రకారుడి బొమ్మలు చూశాడు. మనుషులందరూ గొట్టాలూ, పళ్ళచక్రాలే.

"మాస్టారూ, నాలాగే చూసేవాడు ఇంకోడున్నాడండీ!" అంటూ స్టాఫ్ రూములో గంతులేశాడు.

నాకు ఒళ్ళు మండింది. మనిషిని మనిషిలా వెయ్యడం చేతకాని వాడైతే సరే, అంతవరకూ ఎంత చక్కగా వేసేవాడో!

ఆ రోజునుంచీ అతని మోడలు భార్య మార్తమ్మే. అంట్లు తోముతున్నా, చేపలు కోస్తున్నా ఎదురుగా కూర్చుని వేసేవాడు. చేతులు గొట్టాలు, నడుం గరాటా, మొహం ఒట్టి గుండ్రం. ఓసారి రావులపాలెం వెళ్ళి ఫొటో తీయించుకుందామంటే, "ఇంట్లో నేనుండగా ఫొటో ఎందుకే?" అన్నాడట. ఆ మాట నాతో గర్వంగా చెప్పుకుంది, పిచ్చితల్లి.

ఎనభై నాలుగులో మార్తమ్మ కామెర్లతో పోయింది. జ్ఞాపకార్థ కూడికలో దండ వెయ్యడానికి ఫొటో కావాలి. పెళ్ళి ఫొటో కూడా లేదు. ఇంటినిండా ఆమె బొమ్మలే, ఒక్కదానికీ మొహం లేదు. కూతురు సుందరి ఏడ్చేసింది.

"అమ్మ మొహం వెయ్యండి నాన్నగారూ. మీరు కాక ఎవరేస్తారు?"

నాలుగు రోజులు కూర్చున్నాడు. గుండ్రం గీశాక పెన్సిలు ఆగిపోయేది. "మాస్టారూ, ఆవిడ ముక్కెలా ఉండేదండీ?" అని నన్నడిగాడు. నాకు కోపమూ ఏడుపూ కలిసే వచ్చాయి.

చివరికి సుందరే ఎదురుగా కూర్చుంది. "నాది అమ్మ పోలికే అంటారుగా, నన్ను చూసి వెయ్యండి."

నాలుగు తెల్లవెంట్రుకలు చేర్చి వేశాడు. బొమ్మ బ్రహ్మాండంగా కుదిరింది. సంబరపడి తనే ఫ్రేము కట్టించాడు.

కూడిక రోజున మార్తమ్మ చెల్లెలు హన్నా దండ పట్టుకుని పటం దగ్గర ఆగిపోయింది.

"బావగారూ, ఇది మా అక్క కాదండీ, మన సుందరి! బతికున్న పిల్లకి దండేయిస్తారా?"

దండ బల్లమీద పెట్టేసింది. ప్రార్థన మొదలయింది. లాజరు పటం వంకే చూస్తూ నా చెయ్యి పట్టుకున్నాడు.

"నిజవేనాండీ మాస్టారూ? ఇది మార్తమ్మ కాదా?"

పన్నెండేళ్ళు ఆమె ఎదురుగా కూర్చున్న మనిషి నన్నడుగుతున్నాడు.

"కాదు లాజరుగారూ" అన్నాను.