గ్రోసరీ పక్క షాపులోని మందు

మీరు సుభాషిణిని కలిసి తీరాలి. న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ పన్నెండేళ్లు గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూసింది. కార్డు ఇంటర్వ్యూకి నెల రోజులుందనగా భర్త శ్రీకర్‌కి కాన్సర్ ముదిరింది. కీమో దెబ్బకి మజ్జిగన్నం కూడా కడుపులో నిలిచేది కాదు. గంజాయి కలిపిన గమ్మీ చాక్లెట్లు తింటే వాంతులు తగ్గొచ్చని డాక్టరే చెప్పింది. వాళ్లు కూరగాయలు కొనే ఇండియన్ గ్రోసరీ పక్కనే అవి అమ్మే షాపు. రాష్ట్రంలో అమ్మకం చట్టబద్ధమే. కానీ దేశమంతటికీ వర్తించే ఫెడరల్ చట్టం ప్రకారం అది నేరం, కొన్నారని తెలిస్తే ఇద్దరికీ కార్డులు రాకుండా పోవచ్చన్నాడు లాయరు.

"చాక్లెట్ కొనిపెట్టడానికి కూడా లాయర్‌ని అడగాలా సుభా?" అని నవ్వాడు శ్రీకర్.

"ఇంటర్వ్యూ అయిపోనీ శ్రీ. నేనే డ్రైవ్ చేసి తెస్తా."

ఆ తర్వాత ఇరవై రెండో రోజున, ఇంటర్వ్యూకి ముందే, అతను పోయాడు. చివరి వారం మంచినీళ్లు కూడా లోపల నిలవలేదు.

ఇంటర్వ్యూలో ఎప్పుడైనా డ్రగ్స్ కొన్నారా అని ఆఫీసరు అడిగితే "నో" అంది. అబద్ధం చెప్పలేదు. పోస్టులో ఒక్క కార్డే వచ్చింది.

ఇప్పటికీ కూరగాయలకు వెళ్లినప్పుడల్లా ఆ షాపు ముందు కారు ఆపి కాసేపు అలాగే కూర్చుంటుంది.

ఆ నెల ఆమె స్థానంలో ఉంటే మీరేం చేసేవారు?