మూడో ఊపిరి

నిన్న కాళ్ళ పగుళ్ళకు రాసుకుందామని వ్యాజిలిన్ డబ్బీ తీస్తే, అడుగున మిగిలిన కాస్త మీద నల్లటి వేలిముద్ర కనిపించింది. ఇంజను నూనె మరక. రెండేళ్ళ కిందట మా చెల్లెలి కూతురు మా ఇంట్లో ఉండి ఇంజనీరింగు చివరి ఏడు చదివినప్పటిది. పగుళ్ళ సంగతి మరిచి, డబ్బీని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

మా ఇల్లు బళ్ళారి అంచున, కప్పగల్లు దారిలో. ఒకరోజు ఆ పిల్ల పాత ఇనుము అమ్మే గుజిరీ అంగడి నుంచి ఆటోలో ఇంత ఇనుప ముద్దను దింపించింది. ఏదో విదేశీ కారు ఇంజనట, తూకానికి కొన్నది. దాన్ని బతికించడమే ఆమె కాలేజీ ప్రాజెక్టు. నలుగురు కలిసి మొదలుపెట్టారు, ముగ్గురు జారుకున్నారు. శుక్రవారానికి స్టార్టు కాకపోతే వచ్చే ఏడు మళ్ళీ రావాలన్నాడట వాళ్ళ సారు. కురుగోడు దగ్గర కౌలు సేద్యం చేసే మా మరిదికి ఇంకో ఏడు చదివించే శక్తి లేదు. అది అందరికీ తెలుసు, ఎవరమూ పైకి అనేవాళ్ళం కాము.

నేను బడి గడప తొక్కినదాన్ని కాను. మా నాయనే ఇంట్లో, చేటలో బియ్యం పరిచి, వేలితో అక్షరాలు దిద్దించాడు. అలాంటి నాకు ఆ పిల్ల ఓపికగా ఇంజను పాఠం చెప్పింది. మామూలు ఇంజన్లలో పిస్టన్లు పైకీ కిందికీ దూకుతాయట. ఇందులో ఆ దూకుడే లేదు. నడుము సన్నబడిన గుండ్రటి గది, అందులో మూడు మూలల ముద్ద, రుబ్బురోట్లో పొత్రంలా ఒరుగుతూ తిరుగుతుంది. మూడు మూలలూ గోడను ఒక్క క్షణమైనా వదలవు. గాలి పీల్చడం, నొక్కడం, మండడం, వదలడం, అన్నీ ఆ ఒక్క ప్రదక్షిణలోనే. ఎవరి బుద్ధికి తట్టిందో గానీ, ఆ మహానుభావుడికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

మా ఆయన మాత్రం, "ఏమ్మా, ఇడ్లీ పిండికి పనికొస్తాదా ఇది?" అన్నాడు.

"వస్తాది పెద్దనాయనా. నువ్వు పోయి పప్పు నానబెట్టు," అంది ఆ పిల్ల తల ఎత్తకుండానే.

గనుల లారీల ఎర్ర దుమ్ము లోపలికి రాకుండా నా పాత చీరలు తడిపి కిటికీలకు కట్టాం. ముద్ద మూలల్లోనూ పక్కల్లోనూ గాడులుంటాయి. ఒక్కో గాడిలో సన్నటి ఇనుప పలక, దాని కింద స్ప్రింగు. బిగించేదాకా అవి జారకుండా వ్యాజిలిన్ పూసి నిలబెట్టాలి. చదువుకునే పిల్లకు నా కాళ్ళ మందే దిక్కయింది. గాడులకు పూసి, పలకలు పెట్టేముందు చేతులు కడుక్కోవడానికి బయటికి వెళ్ళింది.

మా వైపు కొడవలికి కొత్త పిడి వేసినా, కుట్టు మిషన్ బాగుచేసినా అక్షతలు పడాల్సిందే. గబగబా దేవుడి గూట్లోంచి చిటికెడు తెచ్చి ఆ ముద్ద మీద వేసి మొక్కాను. యంత్రంలో గింజలు ఉండకూడదన్న తెలివి ఉంది కనుక వెంటనే ఏరేశాను. ఏరేశాననుకున్నాను.

బుధవారం పొద్దున బిగింపు అయింది. ప్లగ్గు రంధ్రం దగ్గర నన్ను అరచెయ్యి పెట్టమని, పొడుగాటి పానాతో తాను మెల్లగా తిప్పింది. ముద్దకు మూడు ముఖాలు కనుక, చుట్టు తిరిగేసరికి మూడు ఊపిర్లు రావాలంది. ఫుస్సుమని వెచ్చగా కాదు, చల్లగా ఒక ఊపిరి తగిలింది. ఒళ్ళు జలదరించింది. ఇనుము ఊపిరి తీస్తోంది! రెండోది తగిలింది. మూడోది రాలేదు. మళ్ళీ తిప్పింది. ఒకటి, రెండు, ఆ తర్వాత ఏమీ లేదు.

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "పలక ఇరుక్కున్యాది పెద్దమ్మా. అంతా సరిగ్గానే పెట్టినానే..."

"నేనేనమ్మా," అని జరిగింది చెప్పాను.

పానా కింద పెట్టి నా వైపు చూసింది. తిట్టినా బాగుండేది. చివరికి, "ఎన్ని గింజలేసినావు?" అంది.

"లెక్క పెట్టలేదమ్మా."

"ఇంజను సంగతి నీకు ఎట్లాగూ తెలీదు. దేవునికైనా లెక్కపెట్టి ఎయ్యల్లని తెలీదా నీకు?"

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మొత్తం విప్పింది. ఒక పక్క గాడిలో, పసుపుపచ్చటి వ్యాజిలిన్‌లో కలిసిపోయి, అక్షత గింజ ఒక్కటి. లోపలి అతుకుల్లో వేసిన రబ్బరు చుట్టలకు ఇంకా వేడి తగల్లేదు కనుక వాటినే మళ్ళీ వాడుకోవచ్చంది. లేకపోతే కొత్తవి కొనే దారి లేదు. ఈసారి నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. గురువారం మధ్యాహ్నం మళ్ళీ అరచెయ్యి పెట్టాను. ఒకటి. రెండు. ఆ పిల్ల పానా పట్టుకుని నా ముఖంలోకే చూస్తోంది. మూడు! నా కళ్ళను చూడగానే ఆమెకు తెలిసిపోయింది.

శుక్రవారం కాలేజీ షెడ్డులో రెండుసార్లు దగ్గి, మూడోసారి ఆ ఇంజను అందుకుంది. కాళ్ళ కింద నేల సన్నగా వణికింది. లోపలి వ్యాజిలిన్ కాలి తెల్లటి పొగ షెడ్డంతా కమ్మేసింది.

"మీ పెద్దమ్మ సామ్రాణి ఏసినట్టుండాది," అన్నాడు మా ఆయన దగ్గుతూ. ఆ పిల్ల నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. పొగవల్ల అంది. దూరం నుంచే దండం పెట్టాను, ఉత్త చేతులతో.

ఇప్పుడామె హొసూరులో ఉద్యోగం చేస్తోంది. నేను అక్షతలు లెక్కపెట్టి వేస్తున్నాను. కాలం అన్నిటినీ ఆరబెడుతుందంటారు. ఆ డబ్బీలోని వేలిముద్ర మాత్రం, ఈ వేలితో తాకి చూశాను, ఇంకా తడిగానే ఉంది.